గడియారం ఆపిన చోటు

తార్తులో జనవరి.
ఎమయోగి నది అంచుల్లో గడ్డకట్టి
మధ్యలో మాత్రం నల్లగా నడుస్తోంది.
ఆస్పత్రి వెనక, రేవు లేని చాకిరేవు:
నాలుగు ఉతికే యంత్రాలు, రెండు ఆరబెట్టేవి,
పొడవాటి ఇస్త్రీ రోలరు,
దాని నోట్లోంచి పొగలు కక్కుతూ వచ్చే దుప్పట్లు.

కాద్రి అక్కడికి ఒక వాక్యం పట్టుకుని వచ్చింది.
"మోపు చిన్నదైతే పని త్వరగా తెములుతుంది."
అచ్చులో ముచ్చటగా ఉండే వాక్యం.
నిజమో కాదో దుప్పట్లు చెప్పాలి.

అన్నం ఉడికిందో లేదో
ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం మనం.
కాద్రి పద్దెనిమిది వందల నలభై మెతుకులు పట్టి చూసింది.
పదకొండు వారాలు, మెడలో స్టాప్‌వాచ్,
చేతిలో ఆవిరికి మెత్తబడ్డ కాగితాలు.
మొదటి వారం లెక్కలన్నీ చించేసింది:
ఆమె చూస్తోందని అందరూ పరుగులు తీశారు,
యంత్రాలు తప్ప.
రెండో వారానికి ఆమెకో మూల దొరికింది,
పిడి విరిగిన కాఫీ కప్పొకటి దొరికింది.
అప్పుడు మొదలైంది అసలు వేగం.

చుక్కలు గ్రాఫు మీద బుద్ధిగా వరస కట్టాయి,
గురువారం రాత్రులు తప్ప.
పది చుక్కలు, గీతకి దూరంగా,
విస్తరి ముందు అలిగి లేచిపోయినట్టు.
చిన్న మోపులే. అయినా రెట్టింపు సమయం.

"తీసెయ్యండి" అంది సాఫ్ట్‌వేర్, తన మర్యాద భాషలో.
"తీసెయ్యొచ్చు" అన్నాడు ప్రొఫెసర్ రైవో,
కళ్లద్దాలు స్వెటర్‌కి తుడుచుకుంటూ,
"చెరిపేముందు వెళ్లి పేరడుగు."

పేరు లేయిడా.
తెల్లవారుజామున నాలుగింటికి, మడతల బల్ల దగ్గర ఒక్కతే,
ప్రతి దుప్పటి అంచునీ ఓసారి చెంపకి ఆనించుకుంటోంది.
కొన్ని మడతలోకి.
కొన్ని మళ్లీ ఆరబెట్టే యంత్రంలోకి.
"చేతులు వేడికి మొద్దుబారాయి" అంది,
"చెంపకింకా తెలుస్తుంది.
గుడ్డ మధ్యలో ఆరినట్టే ఉంటుంది,
తడి కుట్టు దగ్గర దాక్కుంటుంది."
మరి మిగతా రోజుల్లో?
"మిగతా రోజుల్లో ఫోర్‌మన్ ఉంటాడు.
గంట చూస్తాడు. నీలాగే."
ఆ మాటకి ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

తర్వాతి వారం కాద్రి దుప్పట్ల వెంట నడిచింది,
నేలమాళిగ దారిలో, లిఫ్టులో, వార్డుల దాకా.
అక్కడో నర్సు దొంతరలోంచి ఒకదాన్ని లాగి
వేలితో నొక్కి, మాట్లాడకుండా
నీలం సంచిలో పడేసింది.
నీలం సంచి మళ్లీ కిందికి, మళ్లీ నీళ్లలోకి,
కాద్రి లెక్కలోకి కొత్త దుప్పటిగా.
సోమవారం దుప్పట్లలో తొమ్మిదింట ఒకటి
అలా రెండుసార్లు పుట్టింది.
గురువారానివి ఒక్కటీ తిరిగి రాలేదు.

ఆమె గడియారాన్ని చాకిరేవు గుమ్మం దగ్గర ఆపింది.
పని అక్కడ ఆగలేదు.

వాక్యాన్ని విప్పి మళ్లీ కుట్టింది:
"మోపు చిన్నదైతే పని త్వరగా తెములుతుంది,
తడిని కనిపెట్టే తీరిక కూడా
మోపుతో పాటు చిన్నదైపోకపోతే."
అందం తగ్గింది. పలికేటప్పుడు ఊపిరి చాలదు.
పట్టికలో ఆ తీరికకి ఏం పేరు పెట్టాలో తోచక
నిలువు వరస నెత్తిన పెన్సిల్‌తో రాసుకుంది: చెంప.
రైవో రెండుసార్లు చదివి
"ఇప్పుడిది ఓడిపోగలదు" అన్నాడు.
ఆయన నోట అది మెచ్చుకోలు.

ఓడిస్తుందేమో చూద్దామని, ఏప్రిల్లో నార్వా బస్సెక్కింది.

నార్వాలో లేయిడా లేదు.
తడిని పసిగట్టే ఎర్రదీపం ఉంది.
జినయీదా దానికి టేపు అంటించేసింది,
"పొడిగుడ్డని చూసినా అరుస్తుంది" అని.
చెంప లేదు, దీపం లేదు,
మోపులు గుండెల దాకా ఎత్తు.
అయినా వార్డుల్లో నీలం సంచులు ఖాళీ.

హాస్టల్ గదిలో ఆ రాత్రి కాద్రి
కొత్త పేజీ పైన "ఎందుకో తెలీదు" అని రాసి
కింద గీత గీసింది.
కిటికీ అవతల నది, ఆ ఒడ్డున ఇంకో దేశం.
స్టాప్‌వాచ్ సంచి అడుగున పెట్టి
బూట్లు రేడియేటర్ పక్కన ఆరబెట్టుకుంది.
ఆరింటికి జినయీదా డ్యూటీ ఎక్కుతుంది.